అంజమ్మ పేరు మీద ఇద్దరు

మొఘల్‌పురాలో మా పై వాటాలో ఉండే అమ్మాయి ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. ఆసుపత్రులకూ, మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లకూ ఆయాలను పంపే కంపెనీ అది. ఎవరికి వీలైన రోజు వాళ్లు ఫోన్లో నొక్కితే చాలు, పని దొరుకుతుందట. "అంతా ఫ్లెక్సిబుల్ ఆంటీ. రమ్మని ఎవరినీ బలవంతపెట్టం, పొమ్మని కూడా అనం" అంది మురిసిపోతూ. ఆ తర్వాత నన్ను అడిగింది, మీ కాలంలో టెంపరరీ వాళ్లను ఎలా నడిపేవాళ్లని.

ఆ అమ్మాయికి నోటితో చెబితే మొహమాటానికి సగం మింగేస్తానని రాస్తున్నాను. పాతబస్తీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిబ్బంది వ్యవహారాలు చూసి రిటైరయ్యాను. నా చేతి మీదుగా పనిలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది టెంపరరీ వాళ్లే. ఆయాలు, వార్డుబాయ్‌లు, ఊడ్చేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తు లేవు.

టెంపరరీ పని చెడ్డదేం కాదు

ముందే ఒక మాట చెప్పాలి. కాజువల్ పని అనగానే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లంటే నాకు చిరాకు. ఆ పని కావాలనే చేరినవాళ్లు మా దగ్గర మస్తుగా ఉండేవారు. గుడిమల్కాపూర్ మార్కెట్లో దండలు గుచ్చే ఆడవాళ్లు కొందరు, పెళ్లిళ్ల రోజులు అయిపోగానే మా వార్డుల్లోకి వచ్చేవారు. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యాయంటే చెప్పి వెళ్లిపోయేవారు. పర్మనెంట్ చేస్తానంటే వద్దనేవారు. వాళ్ల బతుకుకు అదే కుదిరింది. కాదనడానికి నేనెవరిని?

ఆయాలు తమలో తాము చేసుకున్న ఏర్పాట్లు నా రోస్టర్ కంటే నయంగా ఉండేవి. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ముస్లిం ఆయాలు ఇంటికి చేరాలని, హిందూ ఆయాలు సాయంత్రం డ్యూటీలు తీసుకునేవాళ్లు. బోనాల ఆదివారం వాళ్లొచ్చి వీళ్ల పని చేసేవారు. దీనికి సర్క్యులర్ లేదు, సంతకం లేదు. నేను కల్పించుకున్న ఏడాది మాత్రం లొల్లి అయింది. ఆ తర్వాత మళ్లీ వేలు పెట్టలేదు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. దాన్ని "బదులు పంపడం" అనేవారు. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో పనిబడినా ఆయా తనింటి నుంచి ఇంకొకరిని తన చీర కట్టించి, తన కార్డు మెడలో వేసి పంపేది. పేరు ఆమెదే, మనిషి వేరు. ఎందుకంటే టెంపరరీ మనిషి వరసగా నాలుగు పొద్దులు రాకపోతే ఆ జాగా ఇంకొకరికి పోతుంది. ఆ రూల్ పెట్టింది మేమే. మా రూల్‌ను వాళ్లు ఇలా తట్టుకున్నారు.

నాకు తెలుసు, సిస్టర్లకు తెలుసు. పని నడుస్తోంది గనక చూసీ చూడనట్టు ఊరుకున్నాం. అందుకు నేను సిగ్గుపడను. ఇప్పుడైనా ఊరుకుంటాను.

గేటు దగ్గర చెప్పించిన మాట

నా మొదటి మేనేజరు పెద్దాయన. సర్కారు నౌకరీ చేసి రిటైరై మా దగ్గర చేరాడు. షేర్వాణీ వేసుకుని వచ్చేవాడు, తగ్గు గొంతుతో మాట్లాడేవాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో బట్టలుతికే ఒకావిడను తీసెయ్యాల్సి వచ్చింది. ఎదురుగా చెప్పడానికి నోరు రాక, రేపట్నుంచి రావద్దని గేటు మనిషి చేత చెప్పించాను. ఆయన నన్ను పిలిపించాడు.

"పనిల పెట్టుకునేటప్పుడు ఆమెను ఎవరు పిలిచిండ్రు బేటా?"

"నేనే సర్."

"మరి పొమ్మనేటప్పుడు గేటోడు ఎందుకు చెప్పాలె?"

నేను ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి చెప్పి వచ్చాను. నానా మాటలూ అంది, నిలబడి పడ్డాను. ఈ ఉద్యోగంలో ఎవరి దగ్గరైనా ఏదైనా నేర్చుకున్నానంటే అది ఆయన దగ్గరే. తర్వాత వచ్చిన పై అధికారులు కంప్యూటర్లు నేర్పారు.

గౌలిపురా తోడికోడళ్లు

అంజమ్మది గౌలిపురా. ఆ ఇంట్లో నాలుగు బర్రెలు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పక్షవాతంతో మంచం దిగలేని అత్త. పాల గిరాకీ పడిపోయాక మగవాళ్లు దొరికిన పనికల్లా వెళ్లేవారు. నెలనెలా తప్పకుండా ఇంటికొచ్చేది ఒక్క అంజమ్మ జీతమే. పెద్ద కోడలు అంజమ్మ పేరు ఆయాగా మా రోల్‌లో, అంటే సిబ్బంది పట్టీలో, ఉండేది. చిన్న కోడలు సుగుణ ఇంటి దగ్గర ఉండేది.

కొన్నాళ్లకు అది తారుమారైంది. అత్తను ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం రోజూ ఒక్కరి వల్ల కాలేదు. దాంతో ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకరోజు అంజమ్మ ఆసుపత్రికి వస్తే సుగుణ అత్త దగ్గర, మరునాడు సుగుణ వస్తే అంజమ్మ బర్రెల దగ్గర. అప్పుడప్పుడు బదులు పంపడం మిగతావాళ్లూ చేసేవారు. వీళ్లు మాత్రం ఒక జాగాను సగం సగం పంచుకుని నిలబడ్డారు.

గేటు దగ్గర జబ్బార్ చాచా ఉండేవాడు. ఇద్దరినీ ఆయన అంజమ్మ అనే పిలిచేవాడు. నేను రాగానే సలాం చేసి, "మేడం, ఆజ్ ఛోటీ అంజమ్మ ఆయీ" అని నవ్వేవాడు. చిన్నామె వచ్చిన రోజు వార్డు సిస్టర్లకు పండగ. సుగుణ బలమైన మనిషి. ఎంతటి పేషెంటునైనా ఒక్క పట్టుతో పక్కకు తిప్పేది. ముసలివాళ్ల దగ్గర ఓపిక మాత్రం అంజమ్మకు ఎక్కువ.

మా పై అధికారి మీటింగుల్లో ఫ్లెక్సిబుల్ స్టాఫ్ అనే మాట తెగ వాడేవాడు. పేషెంట్లు తగ్గితే మనుషులను తగ్గించుకోవచ్చు, పెరిగితే పెంచుకోవచ్చు అని దాని అర్థం. ఆ వెసులుబాటు మాకే ఉందని ఆయన అనుకునేవాడు. గౌలిపురాలో ఇద్దరు ఆడవాళ్లు దాన్ని తమకోసం కూడా తయారు చేసుకున్నారని ఆయనకు తెలియదు. తెలియకుండానే గడిచిపోతుందని నేను అనుకున్నాను.

ర్యాంపు మీద

మా పాత బిల్డింగులో లిఫ్టు సగం రోజులు పనిచేయదు. స్ట్రెచర్లు ర్యాంపు మీద నుంచే పైకి పోవాలి. ఆ రోజు వచ్చింది సుగుణ. ఆపరేషనైన ఒక భారీ మనిషిని సుగుణ, ఒక వార్డుబాయ్ కలిసి పైకి తోస్తున్నారు. వార్డుబాయ్ చెప్పు జారింది. స్ట్రెచర్ వెనక్కి వస్తోంది. వదిలేసి పక్కకు తప్పుకుంటే ఆమెకు ఏమీ అయ్యేది కాదు. ఆమె తప్పుకోలేదు. గోడకూ స్ట్రెచర్‌కూ మధ్య కాలు అడ్డం పెట్టింది.

పేషెంటుకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. సుగుణ మోకాలి కింద ఎముక విరిగి బయటికి కనిపించింది.

నేను క్యాజువాలిటీకి పరుగెత్తేసరికి డ్యూటీ డాక్టరు పేరు అడుగుతున్నాడు. ఆమె పళ్లు బిగించి, కళ్లు మూసుకుని ఉంది. అంత నొప్పిలోనూ తడుముకోకుండా చెప్పింది.

"అంజమ్మ."

మెడలో కార్డు కూడా అదే చెబుతోంది. డాక్టరు రాసుకున్నాడు. డ్యూటీలో దెబ్బ తగిలితే మా ఆసుపత్రిలో టెంపరరీ వాళ్లకు కూడా వైద్యం ఉచితం. కాకపోతే పేరు రోల్‌లో ఉండాలి. సుగుణ పేరు ఎక్కడా లేదు. ఆమె ఆ క్షణంలో కాపాడుకుంటున్నది తన కాలిని కాదు, ఇంటికి ఉన్న ఒక్క జాగాను. అది అర్థమై నేను ఆ పేరును సరిదిద్దలేదు.

ఇంతలో ఆమె భర్త నర్సింగ్ వచ్చాడు. సామాన్ల ఆటో నడుపుతాడు. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి భార్యను చూసి నిలబడిపోయాడు. నర్సు కాగితం పట్టుకుని అడిగింది. "మీరేమైతరు? భర్తనా?"

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది.

"మా వదిన" అన్నాడు నర్సింగ్. "మా అన్న బయటికి పోయిండు. నేను మరిదిని."

తాళి కట్టినవాడు పక్కనే నిలబడి పరాయివాడిలా మాట్లాడాల్సి వచ్చింది. ఆ మాట ఈరోజుకీ చెవిలో ఉంది.

రోడ్డు అవతల నిలబడ్డ మనిషి

ఆపరేషన్‌కు అన్నీ సిద్ధం చేస్తున్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ చేతిలో, అంజమ్మ పనిలో చేరినప్పుడు పరీక్షలు చేసి రాసిన హెల్త్ కార్డు ఉంది. "పడని మందులేవీ లేవని ఇందులో ఉంది. నిజమేనా అమ్మా?" అని అడిగింది. సుగుణ నిజమే అంది.

నర్సింగ్ నన్ను వరండాలోకి లాక్కెళ్లినంత పని చేశాడు.

"మేడం, ఆమెకు ఏదో సూది పడది. మొదటి కాన్పుల ఇంకో నర్సింగ్ హోమ్ల ఇస్తే మొఖమంత ఉబ్బింది, ఊపిరి ఆడలే. పొయిందనే అనుకున్నం."

"ఏ సూది?"

"నాకేమెర్క మేడం? ఆడ రాసుకున్నరు. సుగుణ పేరు మీద ఉంటది. గిప్పుడు అడగాల్నంటే ఈమె సుగుణ అని చెప్పాలె. చెప్తే వదిన నౌకరి పోతది. నేనేం జెయ్యాలె మేడం, మీరే చెప్పుండ్రి."

అంత పెద్ద బరువు అతను నా నెత్తిన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని మీద కోపం వచ్చింది. కోపం ఎందుకో తర్వాత తెలిసింది. అతను చెప్పాక ఇక నాకు దారి ఒక్కటే ఉంది.

లోపలికి వెళ్లేముందు గేటు బయటికి వెళ్లాను. అంజమ్మకు కబురు అందిందని జబ్బార్ చాచా చెప్పాడు. ఆమె లోపలికి రాలేదు. వస్తే ఆసుపత్రిలో ఇద్దరు అంజమ్మలు అవుతారు. రోడ్డు అవతల మెడికల్ షాపు మెట్ల పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. తోడికోడలి దగ్గరికి పోవడానికి కూడా ఆమెకు తన పేరే అడ్డం వచ్చింది.

నేను విషయం చెప్పాను. డాక్టరమ్మకు అసలు పేరు చెప్పబోతున్నానని కూడా చెప్పాను. నేను అనుమతి అడగలేదు. కానీ ఆ మాట ఆమె ఇంకొకరి నోట వినకూడదు.

"ఆపరేషన్ అయినంక చెప్పరాదు మేడం?" అంది అంజమ్మ.

నాకు ఒళ్లు మండింది. "అప్పటికి ఆమె ఉంటదో లేదో! నీకు జాగా ఎక్కువైందా?"

అలా అనాల్సింది కాదు. ఆమె నా మొహంలోకి చూసింది. ఏడవలేదు.

"జాగ ఎక్కువ గాదు మేడం. గా జాగ కోసమే అది కాలు ఇరగ్గొట్టుకొని గుడ నా పేరు చెప్పింది. దాని కష్టం ఉత్తగ పోతదని అడిగిన." తర్వాత చెయ్యి ఊపి అంది, "పోండ్రి, జల్ది పోండ్రి. చెప్పుండ్రి. అది బతకాలె."

నేను వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ ఆ నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసింది. ఏ మందు పడలేదో తెలిసింది. ఆ మందు వాళ్లు ఇవ్వబోతున్న వాటిలో ఉంది. ఈ విషయం మనిద్దరి మధ్యే ఉంచుతారా అని అడిగాను. ఆమె మంచి మనిషే. అయినా ఒప్పుకోలేదు. "మేడం, వేరే పేరు రాసి నేను ఎవరికీ మత్తు ఇవ్వను" అంది. ఆమె అన్నది సరైనదే.

ఆపరేషన్ బాగా జరిగింది. కేస్ షీటు మీద సుగుణ అని రాశారు. ఆ ఆసుపత్రిలో ఆమె అన్నేళ్లు చాకిరీ చేశాక ఆమె పేరు మొదటిసారి రాసింది పేషెంటుగా.

మా పై అధికారితో

మరునాడు అడ్మినిస్ట్రేటర్ పిలిచాడు. వయసులో నాకంటే చిన్నవాడు, పెద్ద చదువులు చదివినవాడు, చెడ్డవాడేం కాదు.

"రోల్‌లో లేని మనిషికి మనం బాధ్యులం కాదు మేడం. ఇది మోసం."

"ఆ స్ట్రెచర్ వదిలేసి ఉంటే ఈరోజు మనం పోలీస్ స్టేషన్లో ఉండేవాళ్లం సర్. పేషెంటు కొడుకులు కళ్లారా చూశారు. అడిగితే చెబుతారు."

ఆయన ఆలోచించాడు. భయం ఒక్కోసారి దయ చేసే పనే చేస్తుంది. సుగుణ వైద్యం ఆసుపత్రే భరించింది, దానికి దానధర్మం అని పేరు పెట్టుకుని. అంజమ్మ విషయంలో మాత్రం ఆయన కదల్లేదు.

"ఆమె పేరు తీసెయ్యండి. మిగతావాళ్లకు భయం ఉండాలి."

వాదించాను, గొంతు కూడా పెంచాను. లాభం లేకపోయింది. ఆమె పేరు నా చేత్తోనే కొట్టేశాను. గౌలిపురా వెళ్లి అంజమ్మకు నేనే చెప్పాను. ఆమె టీ ఇచ్చింది. లోపల అత్త మూలుగుతుంటే మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లింది. బట్టలుతికే ఆవిడలా నానా మాటలూ అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కొన్నాళ్లకే గేటు దగ్గర వేలిముద్రల మెషీన్ వచ్చింది. బదులు పంపడం ఆగిపోయింది. బోనాలకూ రంజాన్‌కూ డ్యూటీ మార్చుకోవాలన్నా ఫోన్లో అడిగి, పైనుంచి ఒప్పుకుంటేనే. పేషెంట్లకు ఇది మంచిదే. వార్డులో ఎవరున్నారో తెలియాలి. ఒక ప్రాణం మీదికి వచ్చాక కాదని ఎలా అంటాను? కానీ మా పై వాటా అమ్మాయికి చెప్పేదేమిటంటే, ఆ మెషీన్ పెట్టిన రోజున ఆయాల వెసులుబాటు పోయింది. మాది అలాగే ఉంది. పేషెంట్లు తగ్గినప్పుడల్లా మనుషులను తగ్గించుకుంటూనే వచ్చాం. ఆ తర్వాత కూడా మేం దాన్ని ఫ్లెక్సిబుల్ పని అనే పిలిచాం.

ఒక్క జాగా

అడ్మినిస్ట్రేటర్ మారాడు. కొత్తాయనకు పాత సంగతులు పట్టవు. ఆడవాళ్ల వార్డులో ఒక ఆయా జాగా ఖాళీ అయింది. నా రిటైర్మెంటు దగ్గర పడింది. పోయేలోగా ఈ ఒక్క పని చెయ్యాలనుకున్నాను. కబురు పంపితే తోడికోడళ్లిద్దరూ వచ్చారు.

సుగుణ కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అంజమ్మ భుజం పట్టుకుని నడిచి వచ్చింది. వాళ్లను కూర్చోబెట్టి సంతోషంగానే చెప్పాను. ఒక జాగా ఉంది, సొంత పేరు మీద, ఎవరికీ భయపడక్కర్లేదు, ఇద్దరిలో ఎవరు చేరతారో చెప్పండి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి ఇంకా నాకు అర్థం కాలేదు.

"నాతోని కాదు మేడం" అంది సుగుణ. "నిలబడితెనే కాలు గుంజుతది. పేషెంట్లనేం లేపుత?"

"సరే, అంజమ్మ రావచ్చు కదా!"

అంజమ్మ నేల చూపులు చూస్తూ అంది. "నేనొస్తె అత్తను ఎవరు లేపాలె మేడం? దీంతోని అయితదా? బర్రెల కాడ గుడ వంగలేదు. ముందుగాల ఒక దినం నాది, ఒక దినం దానిది. గట్లయితేనే ఇల్లు నడిచింది, మీ వార్డు గుడ నడిచింది."

నేను ఇంకేవో చెప్పి చూశాను. అత్తకు ఎవరినైనా పెట్టుకోవచ్చు కదా అని కూడా అన్నాను. అంటున్నప్పుడే నా మాట నాకే తెలివితక్కువగా వినిపించింది. ఆ పనికి వచ్చే ఆయాకు ఇచ్చేది, అంజమ్మ ఇక్కడ సంపాదించే దానికంటే ఎక్కువ.

"మీది మంచి మనసు మేడం" అంది అంజమ్మ లేస్తూ. "కని మీ దగ్గర అది ఒక్క మనిషి పని. మా ఇంట్ల ఇద్దరి పని. ఒక్కదానికిస్తే ఎవ్వలకు ఇయ్యనట్టే."

సుగుణ ఆమె భుజం అందుకుంది. ఇద్దరూ మెల్లగా వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడం నాకు అలవాటు లేదు, మొహం కడుక్కుని వచ్చాను. వార్డు సిస్టరు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది, మనిషి కావాలని. వరసలో తర్వాతి పేరుకు ఫోన్ చేశాను. గంటలో ఒకావిడ వచ్చింది, వేలు పెట్టింది, మెషీన్ ఒప్పుకుంది. ఆవిడ డ్యూటీలో ఉన్నంతసేపు ఇంట్లో ఎవరున్నారని నేను అడగలేదు.